ఒక సెమినారు నోటీసు: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద పుట్టే వాఙ్మయాన్ని మన వ్యాఖ్యాతలు ఇంతవరకూ పట్టించుకోలేదు. మెదక్ సీమ కొల్చారం వంశీకుడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీకలు రాస్తూ, మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. నోటీసు బోర్డుకు వ్యాఖ్య రాసేవాడు ఆ నియమం పాటిస్తే బతకలేడు. ఇక్కడ మూలం చెప్పేది కొంచెం, మింగేది ఎక్కువ.

నోటీసులు మామూలుగా వచనంలో ఉంటాయి. ఈ నోటీసు పెట్టిన శాఖ గుమాస్తాకు బడిలో గణాలు మప్పిన తెలుగు మాస్టారెవరో గట్టివారై ఉండాలి. విషయమంతా ఆటవెలదిలో కుదించి, కింద హెడ్డుగారి సంతకం పెట్టించి, నాలుగు పిన్నులు గుచ్చాడు.

మూలం

బుధదినమున మూడు భోజనానంతరం
అర్థశాస్త్రశాఖ హాలులోన
పెద్దలొకరు వచ్చి పేపరు చదువంగ
వినగ రండు, పిదప వేడి టీయు.

ప్రతిపదార్థం

బుధదినమున = బుధవారం నాడు. బుధుడంటే పండితుడు గనక పండితుల దినమని శ్లేష. సోమవారం మీటింగులు, శుక్రవారం ఊరి ప్రయాణాలు పోగా మిగిలిన రోజని లౌకికార్థం.

మూడు = మూడు గంటలకు. 'గంటలకు' అన్నది అధ్యాహారం, అనగా కవి చెప్పని మాటను వ్యాఖ్యాత తెచ్చి కలుపుకోవడం. మూడు అంటే మూడుంబావుకు మైకు 'హలో, చెక్' అనడం, మూడున్నరకు ముఖ్య అతిథి కారు దిగడం అని రూఢి.

భోజనానంతరం = భోజనమైన తరువాత. మూడని చెప్పాక ఇది పునరుక్తి కాదా? కాదు. వినేవారి అవస్థను ఇది సూచిస్తోంది. కునుకు పడితే నేరం శ్రోతది కాదు, ముహూర్తానిదని ముందుగానే మాఫీ చేయడం. తరువాతి పాదంతో సంధి కలపకపోవడం దోషమే గాని, ఆఫీసు కాగితాల్లో అలాంటివి చెల్లుతాయి.

అర్థశాస్త్రశాఖ = ఎకనామిక్స్ డిపార్టుమెంటు యొక్క. కౌటిల్యుడి శాఖ అని భ్రమపడరాదు. ఆయన గ్రంథం మైసూరులో ఆర్. శామశాస్త్రి కంట 1905లో పడి, 1909లో అచ్చుకెక్కింది. గణపతిశాస్త్రి దానికి 'శ్రీమూల' అనే సంస్కృత వ్యాఖ్య రాశారు. ఇక్కడ చెప్పేది ఆడమ్ స్మిత్ 1776 పుస్తకం నుంచి దిగిన గోత్రం. శాఖను చిన్నచూపు చూడడమూ తగదు. 2003 నుంచి 2013 దాకా రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా వరసగా పనిచేసిన వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావులలో మొదటివారి పీహెచ్‌డీ ఉస్మానియాది, రెండోవారిది ఆంధ్రా యూనివర్సిటీది. ఇలాంటి హాళ్ల దారినే ఇద్దరు నోట్ల మీద సంతకం దాకా వెళ్లారు.

హాలులోన = సెమినారు హాల్లో. హాలు అన్నందువల్ల ఫ్లెక్సీ, దీపపు కుందె, పూలబొకే, శాలువా, మెమెంటో కూడా చెప్పినట్టే. వీటన్నిటికీ జియోట్యాగు ఫొటో ఉండాలి, యూనివర్సిటీల నాణ్యత తూచే న్యాక్ నివేదికలో అతికించాలి. జ్ఞానం ఎవరికి ఎక్కడ కలిగిందో తెలియకపోయినా, సభ జరిగిన అక్షాంశ రేఖాంశాలు పక్కాగా తెలియాలని శాసనం.

పెద్దలొకరు = ఒక రిసోర్స్ పర్సన్. 'ఒకరు' అన్నా వేదిక మీద ఏడు కుర్చీలుంటాయి. మిగతా ఆరుగురూ ఆ ఒకరిని మనకు పరిచయం చేయడానికి.

వచ్చి = టీఏ బిల్లు మీద సంతకం చేసి అని శేషం.

పేపరు = పరిశోధన వ్యాసం. దినపత్రిక కాదు, లీకయ్యే పేపరూ కాదు. అచ్చు కావడానికి ముందు 'వర్కింగ్ పేపరు' అనే దశలో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగేది.

చదువంగ = తెర మీద ఉన్న స్లైడునే బయటికి చదువుతూ ఉండగా.

వినగ రండు = వినడానికి రండి. హాజరు వేస్తారని వ్యంగ్యం.

పిదప = తరువాత.

వేడి టీయు = వేడి టీ కూడా. కొన్ని ప్రతుల్లో 'చల్ల టీయు' అని పాఠం ఉన్నట్టు అనుభవజ్ఞులు చెబుతారు. వాస్తవానికి అదే సరైనది, గణమూ సరిపోతుంది. కాని యతి చెడుతుంది. ఛందస్సు కోసం కవి అబద్ధమాడాడని గ్రహించేది.

పూర్వపక్షం, సిద్ధాంతం

'టీయు' అన్నచోట 'యు' సముచ్చయార్థకం. టీ కూడా అన్నాడంటే, టీకి ముందు ఇంకొకటి ఏదో ఉండాలి. అదేమిటి?

సమోసా అని కొందరు. అది నిలవదు. సమోసా పెడుతూ ఆ సంగతి దాచిన నోటీసు లోకంలో లేదు.

వందన సమర్పణ అని మరికొందరు. అదీ కాదు. సంధ్యావందనంలా అది నిత్యకర్మ. వేరే చెప్పనక్కర లేదు.

ప్రసంగమే అని ఇంకొకరు. అది 'చదువంగ' అన్నప్పుడే అయిపోయింది. 'పిదప' తరువాత మళ్లీ దాన్ని తేవడం వెనక్కి నడవడం.

కాబట్టి 'పిదప ప్రశ్నలును, వేడి టీయు' అని అధ్యాహారం చేసుకోవాలి. పద్యంలో చోటు చాలక ప్రశ్నలు జారిపోయాయి. సభలోనూ సరిగ్గా అలాగే జారిపోతాయి గనక ఇది లోపం కాదు, స్వభావోక్తి అలంకారం.

విశేషాలు

ఒకటి. పేపరు అంతటికీ మూలసూత్రం కాకతాళీయ న్యాయం. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలినందుకే పడిందా? దీని మీదే ఈ శాస్త్రం సగం ఆయుష్షు గడుస్తుంది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో అచ్చువేసిన పేపరు చూడండి. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. జీతం పెరిగితే ఉద్యోగాలు ఊడతాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందూ తర్వాతా అడిగి చూస్తే, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ లేదు. కాకి వాలని చెట్టును పక్కన నిలబెట్టి పోల్చడమే ఇందులోని నేర్పు. కథ అంతటితో ముగియలేదు. 2000లో న్యూమార్క్, వాషర్ జీతాల రికార్డులు తిరగేసి, తగ్గాయని వాదించారు. అదే సంచికలో కార్డ్, క్రూగర్ కొత్త లెక్కలతో జవాబిచ్చారు. 2021లో నోబెల్ అందుకోవడానికి కార్డ్ ఉన్నారు. క్రూగర్ అంతకు రెండేళ్ల ముందే పోయారు. వాదం మాత్రం ఇంకా బతికే ఉంది.

రెండు. పూర్వపక్షం, అంటే సిద్ధాంతం మీద లేచే అభ్యంతరం, ఎప్పుడూ ఒప్పే అవుతుందని కాదు. పాత కార్ల బజారులో సరుకు గుట్టు అమ్మేవాడికే తెలిసి, కొనేవాడికి తెలియకపోతే ఏమవుతుందని జార్జ్ అకర్లాఫ్ ఒక పేపరు రాస్తే మూడు పత్రికలు తిప్పి పంపాయి. ఇది మరీ అల్పవిషయమని కొందరు, ఇదే నిజమైతే ఎకనామిక్సే మారిపోవాలని ఒకరు అభ్యంతరం చెప్పారట. నాలుగో పత్రిక 1970లో వేసింది. 2001లో నోబెల్ వచ్చింది. ఎకనామిక్సూ మారింది.

మూడు. పూర్వపక్షం ఎవరి నోటైనా రావచ్చు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల వృద్ధి సగటున మైనస్ 0.1 శాతమని కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో రాశారు. పొదుపు చేయాలన్న మంత్రులకు అది వేదవాక్కయింది. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి క్లాసు హోంవర్కుగా ఆ లెక్కను తిరిగి వేశాడు. అదే దినుసులతో రెండోవాడు వండితే అదే రుచి రావాలి కదా, రాలేదు. రచయితలనే ఎక్సెల్ ఫైలు అడిగాడు. వారూ పెద్ద మనసుతో ఇచ్చారు. చూస్తే, సగటు కట్టిన సూత్రంలో ఇరవై దేశాలకు బదులు పదిహేనే పడ్డాయి. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ బయట ఉండిపోయాయి. ఆ తప్పూ, డేటా ఎంపికలో, తూకంలో ఉన్న తేడాలూ సరిచేస్తే 2.2 శాతం వచ్చిందని 2013లో తన గురువులిద్దరితో కలిసి ప్రకటించాడు. రచయితలు ఎక్సెల్ పొరపాటు ఒప్పుకున్నారు, అప్పు ఎక్కువైతే వృద్ధి మందగిస్తుందన్న వాదం మాత్రం వదల్లేదు. మన సెమినారులో ఆ విద్యార్థి ఉండి ఉంటే, టైము లేదు బాబూ, టీ దగ్గర అడుగు అనేవారు.

నాలుగు. పూర్వపక్షానికి పదవి అడ్డం కాదు, అర్హతా కాదు. 2008 నవంబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ కొత్త భవనం ప్రారంభానికి రెండో ఎలిజబెత్ రాణి వచ్చారు. బ్యాంకులు కూలుతున్న రోజులవి. ఇంత పెద్ద ఉపద్రవాన్ని ముందుగా ఎవరూ ఎందుకు పసిగట్టలేదని ఆవిడ అడిగారు. శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాల చరిత్రలో ముఖ్య అతిథి ఇంత పనికొచ్చే మాట మాట్లాడడం అరుదు. పండితులు తర్జనభర్జన పడి 2009 జులైలో బ్రిటిష్ అకాడమీ తరఫున ఉత్తరం రాశారు. తెలివైనవాళ్లు ఎందరున్నా, అంతా కలిపి చూస్తే ముప్పెంతో ఊహించలేకపోయారని దాని సారాంశం. అడగందే అమ్మయినా పెట్టదు. ఎకనామిస్టు అసలే పెట్టడు.

ఐదు. ప్రశ్న పేరుతో వచ్చేవన్నీ ప్రశ్నలు కావు. ముందు వరుసలో లేచే విశ్రాంత ఆచార్యులవారి 'ఒక చిన్న సందేహం' 1991 సంస్కరణల దగ్గర మొదలై, తమ థీసిస్ దగ్గర ఆగుతుంది. ప్రశ్నార్థకం కనబడదు. కొన్ని ప్రశ్నలు పేపరును కాక మనిషిని గురి చూస్తాయి. అమెరికా యూనివర్సిటీల సెమినార్లలో పరిశీలకులను కూర్చోబెట్టి లెక్కగట్టిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. మాట్లాడేది స్త్రీ అయితే ప్రశ్నలు ఎక్కువ పడుతున్నాయి. వాటిలో చిన్నబుచ్చేవీ, విరుచుకుపడేవీ కూడా ఎక్కువేనని తేలింది. న్యాయదర్శనం వాదానికీ వితండకూ ఏనాడో గీత గీసింది. సభాధ్యక్షుడు అవసరమయ్యేది ఆ గీత దగ్గరే, శాలువా దగ్గర కాదు.

ఆరు. మరి మన హాల్లో ప్రశ్నకు కాలం ఎందుకు మిగలదు? దీనికి జవాబు ఆ శాఖలోనే మొదటి సంవత్సరం పాఠం: అవకాశ వ్యయం. ఒక పనికి అసలు ఖరీదు, దానికోసం వదులుకున్న పని. దీపం వెలిగించిన పది నిమిషాలూ, 'ఈయన పరిచయం అక్కర లేనివారు' అంటూ చేసిన పావుగంట పరిచయమూ ఉచితం కావు. ప్రశ్నల ఖాతాలోంచి కోసినవే. ఈ పాఠం చెప్పే మాస్టార్లే ఈ కార్యక్రమం వేస్తారు. దీనికి ఏ అలంకారశాస్త్రంలోనూ పేరు లేదు.

పాఠ సవరణ: పండితులు మన్నిస్తే నాలుగో పాదాన్ని 'అడుగ రండు, పిదప హాయి టీయు' అని దిద్దుకోవచ్చు. గణాలు సరిపోయాయి, యతీ కుదిరింది. 'వేడి' పోయింది గనక అబద్ధమూ పోయింది.

తాత్పర్యం

బుధవారం మధ్యాహ్నం పెద్దలొకరు వచ్చి పేపరు చదువుతారు, విని టీ తాగి వెళ్లండి అని సామాన్యార్థం. విశేషార్థం వేరు. పేపరు రాసినవారు దాన్ని ఇంట్లోనే చదువుకోగలరు. పీడీఎఫ్ పంపితే మనమూ చదువుకోగలం. టీ క్యాంటీన్‌లో దొరుకుతుంది. రాసినవారికి తట్టని సందేహం మాత్రం నలుగురు కూడినచోట, అందులో ఒకరు చెయ్యెత్తితేనే దొరుకుతుంది. హాలు, కరెంటు, రైలు చార్జీలు అన్నీ ఆ ఒక్క సరుకు కోసం పెట్టిన పెట్టుబడి. అది కొనకుండానే సభ ముగిస్తే ఖర్చు మొత్తం నష్టం పద్దులోకే వెళుతుంది. ఆ లెక్క తేల్చడానికి రిగ్రెషన్ అక్కర లేదు, కూడికలూ తీసివేతలూ వచ్చిన గుమాస్తా చాలు.