శ్రామికుడి వాచీకి జమీందారీ భోగం

పొద్దున్నే లేచి కీ ఇచ్చి, చేతికి కట్టుకుని, సైరన్ మోగేలోపు ఫ్యాక్టరీ గేటు దాటాల్సిన కార్మికుడి కోసం సోవియట్ ప్రభుత్వం లక్షలకు లక్షలు వాచీలు చేయించింది. అవి ఇప్పుడెక్కడున్నాయయ్యా అంటే, మఖమల్ పరిచిన అద్దాల పెట్టెల్లో పవళిస్తున్నాయి. కీ ఇచ్చేవాడు లేడు, టైమెంతని అడిగేవాడూ లేడు. విప్లవం సంగతి దేవుడెరుగు, వాచీలకు మాత్రం జమీందారీ దక్కింది.

రష్యన్ వాచీలు పోగుచేసే సరదా ఏ ఢిల్లీకో బొంబాయికో పరిమితమైతే మనకేం పోయె. ఫోను పుణ్యమా అని తుంగభద్ర ఒడ్డున ఉన్న మా కంప్లి దాకా వచ్చేసింది. తుంగభద్ర కాలువలు పారాక కోస్తా నుంచి తరలివచ్చి ఈ చుట్టుపక్కల క్యాంపులు వేసుకున్న తాతల కాలంలో, రష్యా అంటే 'సోవియట్ భూమి' పత్రిక. చదివినవాళ్లు కొందరే గానీ, ఆ నున్నటి కాగితంతో పిల్లల పుస్తకాలకు అట్టలు వేయని ఇల్లు అరుదు. మనవళ్ల కాలానికి రష్యా అంటే వాచీ. తాత వరి పండించి ఒక్క వాచీ కొన్నాడు. మనవడు ఆ వరి అమ్మి నలభై కొంటున్నాడు. ఇద్దరిలో పనికి వేళకు వెళ్లింది తాతే.

సేకర్త గారి ముందు పొరపాటున కూడా "ఇదేం వాచీ?" అనకూడదు. అడిగారా, మీ సాయంత్రం గల్లంతు. "గగారిన్ కట్టుకున్నది" అని మొదలుపెడతారు. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషాల్లో భూమిని చుట్టి వచ్చినప్పుడు ఆయన చేతికున్నది స్తుర్మాన్‌స్కీ వాచీ అన్నది నిజం. మాస్కో మొదటి వాచీ ఫ్యాక్టరీ వాటిని సైనిక విమాన చోదకుల కోసం చేసింది, బజారులో అమ్మేవి కావు. బజారులో అమ్మని సరుకు ఇన్ని పెట్టెల్లోకి ఎలా దూరిందని అడిగితే సేకర్త గారికి కోపం వస్తుంది. ఇవాళ అదే పేరుతో కొత్త వాచీలు ఇంచక్కా అమ్ముతున్నారు. కొనుక్కోవచ్చు, కట్టుకోవచ్చు. కానీ అది కట్టుకున్నంత మాత్రాన కంప్లి బస్టాండు రోదసి కాదు.

రెండో మాట "అచ్చ రష్యన్ పనితనం". ఈ అచ్చదనం పుట్టుపూర్వోత్తరాలు కాస్త చూద్దాం. మాస్కో మొదటి వాచీ ఫ్యాక్టరీ 1930లో మొదలైంది. దాని యంత్రాలు అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో దివాళా తీసిన డ్యూబర్-హ్యాంప్‌డెన్ కంపెనీవి. యంత్రాలు కొని ఓడెక్కించడమే కాదు, పని నేర్పడానికి ఆ కంపెనీ పాత పనివాళ్లను కూడా పిలిపించుకున్నారు. యుద్ధం ముగిశాక జనం చేతికొచ్చిన పోబెద వాచీలో మిషను ఫ్రాన్సు వాళ్ల లిప్ కంపెనీ నమూనా. పోల్యోత్ 3133 అని సేకర్త గారు కళ్లు మూసుకుని జపించే స్టాప్‌వాచీ మిషను స్విట్జర్లాండ్ వాల్జూ 7734కు మార్పులు చేసి రూపొందించింది. అమెరికా యంత్రం, ఫ్రెంచి నమూనా, స్విస్ బుర్ర!

ఇందులో రష్యా వాళ్లు సిగ్గుపడాల్సిందేమీ లేదు. పని తెలిసినవాడి దగ్గర నేర్చుకుని, కోట్లాది మందికి చవగ్గా అందించడం గొప్ప పనే. సిగ్గుపడాల్సింది మన సేకర్త గారు. ఎందుకంటే ఆయన ముందు హెచ్.ఎం.టి. పేరెత్తి చూడండి. "అబ్బే, అది జపాన్ సిటిజన్ కాపీ కదండీ" అని పెదవి విరుస్తారు. 1961లో మన బెంగళూరులో సిటిజన్ సాయంతో వాచీలు మొదలుపెడితే కాపీ, 1930లో అమెరికా ఫ్యాక్టరీనే మూటగట్టి తెచ్చుకుంటే వారసత్వం! పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు గానీ, ఆ కూర కూడా ఇంకో పొరుగింటి నుంచి వచ్చిందేనని ఈయనకెవరు చెప్పాలి?

మూడోది వయసు. "రకేతా వాచీ 1721 నుంచి ఉందండీ" అంటారు. 1721లో పీటర్ చక్రవర్తి పెట్టించింది రాళ్లు కోసి సానబట్టే కార్ఖానా. అక్కడ వాచీలు చేయడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి మాట. రకేతా పేరు వచ్చిందే గగారిన్ ఎగిరిన తర్వాత. ఈ లెక్కన మా ఊళ్లో రైస్ మిల్లులన్నీ ఒకప్పుడు ఇక్కడ ఏలిన కంపిలి రాయల కాలం నాటివని బోర్డు రాసుకోవచ్చు. నేల అదే, నది అదే!

నాలుగోది లోతు. వోస్తోక్ వారి అంఫీబియా 200 మీటర్ల లోతు నీళ్లలో కూడా పనిచేస్తుంది. 1967లో మిఖాయిల్ నోవికోవ్, వేరా బెలోవా అనే ఇంజనీర్లు దీన్ని రూపొందించారు. నీటి ఒత్తిడిని అడ్డుకోవడానికి కుస్తీ పట్టకుండా, ఆ ఒత్తిడే వెనక మూతను ఇంకా గట్టిగా బిగించేలా చేశారు. లోతుకు వెళ్లేకొద్దీ మూత బిగుసుకుంటుంది. తెలివంటే అదీ. చేతులెత్తి దండం పెట్టాల్సిన పనితనం. మరి మన సేకర్త గారు? భోజనమయ్యాక చెయ్యి కడుక్కునే ముందు ఆ వాచీని విప్పి జేబు రుమాలులో చుట్టి పక్కన పెడతారు. తుంగభద్ర డ్యాం నుంచి నీళ్లు ఎక్కువగా వదిలితే మా కంప్లి–గంగావతి వంతెన మునుగుతుంది. అటువైపు వెళ్లాల్సిన జనం ఊళ్లు చుట్టి తిరుగుతారు. ఆ వరదను చూడటానికి కూడా సేకర్త గారు అంఫీబియా ఇంట్లో పెట్టే వస్తారు. తుంపర పడుతుందట!

ఇక అసలు భాగోతం వాచీ రిపేరు కొట్టు ముందు చూడాలి. మన్నికకు మారుపేరని కొన్న వాచీ నాలుగు రోజులకే ఆగిపోయింది. రిపేరు చేసే పెద్దాయన కంటికి భూతద్దం బిగించి, వెనక మూత తిప్పి, కాసేపు లోపలికీ కాసేపు సేకర్త గారి ముఖంలోకీ చూశాడు.

"మిషను రష్యాదే సార్. డయలుకు మాత్రం ఇక్కడే రంగేశారు. అక్షరాల అంచులు అలుక్కుపోయినాయి చూడండి. పెద్ద ముల్లు నిమిషాల గీతల దాకా అందడం లేదు, అది వేరే వాచీది. సెకన్ల ముల్లు ఇంకో దానిది."

"అంటే డూప్లికేటా?"

"డూప్లికేటని ఎందుకంటాను సార్? అన్నీ నిజమైనవే. నాలుగు చచ్చిన వాచీలు కలిసి ఒకటి బతికింది."

ఎంతకు కొన్నారని అడిగితే సేకర్త గారు నోరు మెదపలేదు. శుభ్రం చేసి నూనె వేయడానికి మూడు వందలవుతుందంటే మాత్రం చటుక్కున నోరు తెరిచారు. "మరీ అన్యాయంగా చెబుతున్నావయ్యా!"

ఇలా డయళ్లకు కొత్త రంగులేసి అమ్మే సరుకుకు సేకర్తలే 'ముంబై స్పెషల్' అని పేరు పెట్టుకున్నారు. పేరు తెలుసు, గుర్తులు తెలుసు, అయినా కొంటారు. డయలు మీద సుత్తీ కొడవలీ కనబడితే చాలు, వివేకం సెలవు పెట్టి వెళ్లిపోతుంది. కె.జి.బి. అని రాసి ఉంటే మరీను. గూఢచారి తన ఆఫీసు పేరు చేతికి రాసుకుని తిరుగుతాడా అన్న అనుమానం ఒక్కరికీ రాదు. టూరిస్టుల కోసం చేసిన ముచ్చట సరుకది. అంతెందుకు, 1990లో అమెరికా సైన్యం సౌదీలో దిగిన 'ఆపరేషన్ డెజర్ట్ షీల్డ్' పేరు వేసిన వోస్తోక్ వాచీలు కూడా ఉన్నాయి. ఎర్ర సైన్యానికి వాచీలు కట్టిన ఫ్యాక్టరీ మార్కే అమెరికా సైన్యం పేరు మోసింది. ఆ ఫ్యాక్టరీకి బతుకుతెరువు తెలుసు. సిద్ధాంతమంతా మన సేకర్త గారి నెత్తినే పడింది.

"మీకు అర్థం కాదండీ, ఇది చరిత్ర మీద ప్రేమ" అన్నది ఆఖరి అస్త్రం. బాగుంది. 1327–28లో తుగ్లక్ సేనల చేతిలో కూలిన కంపిలి రాజ్యం ఈ ఊరి పేరులోనే ఉంది. కోట ఆనవాళ్లు నది ఒడ్డునే ఉన్నాయి. వాచీ అద్దం మీది గీతను పాలిష్ చేయడానికి పూటంతా కూర్చునే మనిషి, ఆ గోడల వైపు ఒక్క పూట నడిచి వెళ్లిన దాఖలా లేదు. పెళ్లిలో మామగారు పెట్టిన హెచ్.ఎం.టి. జనతా ఏ బీరువా అడుగున ఉందో ఆయనకు గుర్తే లేదు. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసినప్పుడు కూడా ఆయన ఆ బీరువా తెరవలేదు. వోస్తోక్ వాచీలు చేసే చిస్తోపోల్ ఫ్యాక్టరీ చరిత్ర మాత్రం అడగండి, 1941లో హిట్లర్ సేనలు మాస్కో మీదికి వస్తుంటే యంత్రాలను కామా నది ఒడ్డుకు ఎలా తరలించారో కళ్లకు కట్టినట్టు చెబుతారు. దూరం పెరిగేకొద్దీ చరిత్ర మీద ప్రేమ పెరుగుతుంది కాబోలు.

రష్యన్ వాచీలతో నాకు పేచీ లేదు. చవకైనవి, మొండివి, నిజాయితీగా పనిచేసేవి. పేచీ అంతా, లక్షల్లో తయారైన వాటికి అపురూపమని పేరుపెట్టి, కథలు కట్టి, ధర పెంచి, పని మాన్పించి పడుకోబెట్టడంతోనే. కాబట్టి సేకర్తలకు విన్నపం. కొనే ముందు వెనక మూత తీయించండి. మిషను మీద కొట్టిన నంబరు చూడండి. కథ చెప్పే అమ్మకందారుడి కంటే భూతద్దం పెట్టుకున్న పెద్దాయన మాట నమ్మండి, ఆయన అడిగిన మూడు వందలు బేరమాడకుండా ఇవ్వండి. ఆయన కొట్టు మూతపడిన రోజు మీ నలభై వాచీలూ ఒకేసారి ఆగిపోతాయి. పెట్టెలోంచి ఒకటి తీసి, కీ ఇచ్చి, చేతికి కట్టుకుని వేళకు పనికి వెళ్లండి. ఆ వాచీని తయారుచేసింది అందుకే.