మద్యనిషేధ శాఖ వారి మందు దుకాణం

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మందు అమ్మించే శాఖ పేరేమిటో తెలుసా? మద్యనిషేధ, ఆబ్కారీ శాఖ. నవ్వకండి, బోర్డు మీద అలాగే ఉంటుంది. ముందు నిషేధం, వెనకాల ఆబ్కారీ, మధ్యలో ఒక కామా. ఖజానా మొత్తం ఆ కామా మీదే ఆనుకుని కూర్చుంది. తాగితే చస్తావని పోస్టరు వేయించేదీ వీళ్లే. ఈ నెల అమ్మకాలు ఎందుకు తగ్గాయని నిలదీసేదీ వీళ్లే.

నీతిని చట్టంగా రాసుకోవడం మనకి కొత్తేం కాదు. మద్యనిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణంలోనే ఉంది. ప్రయత్నించాలి అంది, అంతే. డెబ్బై అయిదేళ్లుగా ప్రయత్నిస్తూనే ఉన్నాం, ఎవరూ వంక పెట్టడానికి లేదు. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రకాశం పంతులుగారు వినలేదు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ఆయన ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. సీసా గొడవలో కుర్చీ పోగొట్టుకున్న పెద్దమనిషి ఆయన. తర్వాత వచ్చినవాళ్లంతా కుర్చీ కోసం సీసా పట్టుకున్నవాళ్లే.

ఈ కథలో అసలు మనుషులు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. వాళ్లకు అక్షరాలు నేర్పిందీ సర్కారే. నేర్చుకున్న అక్షరాలతో వాళ్లు సర్కారు సారానే చదివేశారు. పలకా బలపం ఇచ్చిన ప్రభుత్వం ఈ ప్రమాదాన్ని ఊహించలేదు పాపం! 1992లో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. ఒకచోట ఆపితే పక్క ఊరు లేచింది, పక్క ఊరు లేస్తే జిల్లా లేచింది. చీపురు పట్టుకుని కొట్టు ముందు నిలబడితే కాంట్రాక్టరు జీపు వెనక్కి తిరిగింది. వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు పేపర్లకెక్కింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్.

ఇక్కడ ఒక్క మాట. ఆ ఆడవాళ్లు తాగుడు పాపమని ఉపన్యాసాలు దంచలేదు. చౌక బియ్యం ఒక చేత్తో ఇచ్చి, సారా ప్యాకెట్ పేరుతో కూలి డబ్బులు రెండో చేత్తో లాక్కుంటారేమిటని అడిగారు. అది లెక్కల ప్రశ్న. పొయ్యి మీద ఎసరు దగ్గర పుట్టిన ప్రశ్న. దాన్ని మన నాయకులు ఏం చేశారు? ఎంచక్కా 'నైతిక విలువ' చేసేశారు. లెక్క అడిగితే జవాబు చెప్పాలి. విలువ అయితే దండ వేస్తే సరిపోతుంది కదా!

వేశారు కూడా. 1994 డిసెంబరు 12న ఎల్బీ స్టేడియంలో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం, వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. జనం చప్పట్లు. సరిహద్దు అవతలి దుకాణాల వాళ్లు ఇంకా పెద్ద చప్పట్లు. రెండేళ్లు తిరిగాయో లేదో, 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. దొంగ సరుకు ఆగడం లేదట, ఆదాయం పోతోందట. రెండూ నిజమే కావచ్చు. మరి అంత పెద్ద నీతి రెండు బడ్జెట్లకే ఆయాసపడిందేం?

ఇరవై రెండేళ్లు గడిచాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో నవరత్నాల హామీలతో ప్రభుత్వం మారింది. దశలవారీ నిషేధమన్నారు. 2024 నాటికి మందు స్టార్ హోటళ్లకే పరిమితమన్నారు. అంటే ఏమిటి? కూలోడు తాగితే దురలవాటు, కోటు వేసుకున్నవాడు తాగితే టూరిజం. తొలి దశగా సర్కారే దుకాణం తెరిచింది. డిగ్రీలు చదివిన పిల్లలు కౌంటర్లో క్వార్టర్లు అందించారు. 2020 మేలో ధరలు 75 శాతం పెంచి, తాగుడు మానిపించడానికేనన్నారు. ఎవడైనా మానాడా? ఎప్పుడూ పేరు వినని బ్రాండు తాగి, ఇంట్లో బియ్యం డబ్బా ఇంకాస్త ముందే ఖాళీ చేశాడు.

అసలు రుచి 2021 నవంబరులో తగిలింది. చట్టం సవరించి బెవరేజెస్ కార్పొరేషన్‌కు ఒక పుణ్యకార్యం అప్పగించారు. అమ్మఒడి, ఆసరా, చేయూత పథకాల అమలు. ఇంకోసారి చదవండి. మందు అమ్మే కార్పొరేషన్ చేతికి అమ్మఒడి! మొగుడు కౌంటర్లో కట్టిన డబ్బు బటన్ నొక్కితే పెళ్లాం ఖాతాలో పడుతుంది. అందులోంచి మళ్లీ మొగుడు లాక్కుంటాడు, మళ్లీ కౌంటర్. నీటి చక్రం గురించి స్కూల్లో చదువుకున్నాం కదా, ఇది మందు చక్రం. నాన్న ఎంత తాగితే అమ్మకు అంత చేయూత. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న సామెత కూడా దీని ముందు చిన్నబోయింది.

పోనీ కొత్త ప్రభుత్వం? 2024లో వాళ్లకి నిషేధం బెంగ లేదు. నాణ్యమైన మందు, తొంభై తొమ్మిది రూపాయలకే! ఈ విషయంలో చెప్పిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నారు, కాదనను. 3,396 దుకాణాలకు లాటరీ పెడితే దాదాపు తొంభై వేల దరఖాస్తులు. ఒక్కోదానికి రెండు లక్షలు, తగలకపోతే తిరిగిరావు. ఒక్క చుక్క అమ్మకుండానే పద్దెనిమిది వందల కోట్లు. తెలంగాణ ఇందులో సీనియర్. 2023లో 2,620 దుకాణాలకు లక్షా ముప్ఫై వేలు దాటిన దరఖాస్తులు, రెండు వేల ఆరు వందల కోట్లు పైమాటే. పేకాట ఆడితే పోలీసులు పట్టుకెళ్తారు. ఇది మాత్రం కలెక్టరు గారి సమక్షంలో, వీడియో తీస్తూ, పారదర్శకంగా జరుగుతుంది.

అయితే నిషేధించమంటావా అని మీరు అడుగుతారు. బీహార్ 2016లో నిషేధించింది. కోర్టులు బెయిలు పిటిషన్లతో నిండిపోయాయి. ముందుచూపు లేని చట్టానికి ఉదాహరణగా దాన్నే చూపించారు జస్టిస్ ఎన్.వి.రమణ, చీఫ్ జస్టిస్‌గా ఉండగా, మన విజయవాడలోనే. కాబట్టి నేనేమీ కత్తి దూయడం లేదు. అమ్ముకోండి. అమ్ముకుంటూ మాకు గాంధీ గారిని చూపించకండి, అంతే.

గాంధీ అంటే గుర్తొచ్చింది. 2025లో దసరా, అక్టోబరు రెండు ఒకే రోజు పడ్డాయి. తెలంగాణలో దసరా అంటే ముక్క, చుక్క. గాంధీ జయంతికి రెండూ బంద్. మరి జనం మానేశారా? ఒకటో తారీఖు సాయంత్రం వైన్స్ ముందు సంచులతో వరసలు కట్టారు. మహాత్ముడి గౌరవార్థం ఒక రోజు ముందే స్టాకు! ఎన్నికలప్పుడు పోలింగు ముగియడానికి నలభై ఎనిమిది గంటల ముందు మూసేస్తారే, అదీ ఇంతే. అప్పటికి పెట్టెలు ఎవరింట్లో ఉండాలో వాళ్లింట్లో ఉంటాయి.

బారుకు లైసెన్సు ఇస్తారు. ముందు నలభై బళ్లు పట్టే పార్కింగు ఉంటుంది. ఆ బళ్లు ఇంటికి ఎలా వెళ్తాయనుకున్నారు, తోసుకుంటూనా? సందు చివర పోలీసులు గొట్టం పట్టుకుని నిలబడతారు. ఊదమంటారు. తాగించిన పన్ను ఒక జేబులోకి, తాగిన జరిమానా ఇంకో జేబులోకి. చొక్కా ఒకటే. తాగి నడపడం తప్పే, పట్టుకోవాల్సిందే. కానీ తప్పు మొదలైన చోట ఎవరూ గొట్టం పెట్టరేం?

మొన్న మా వైపు ఒక ఊళ్లో కిరాణా కొట్టు దగ్గర ఆగాను. బెల్టు షాపులు లేవని మంత్రులు చెబుతుంటారు కాబట్టి అది బెల్టు షాపు కాదు. ఫ్రిజ్‌లో పైఅరలో పాల ప్యాకెట్లు, కింద గోనెపట్టా కప్పి క్వార్టర్లు, ఎమ్మార్పీ మీద ముప్పై. ఒకామె చెమట తుడుచుకుంటూ వచ్చింది, వరినాట్ల నుంచి నేరుగా, కాళ్లకు బురద ఇంకా ఆరలేదు.

"అరకిలో కందిపప్పు ఇయ్యి తమ్ముడూ. రాసుకో, శనివారం కూలి డబ్బులొస్తాయి."

అతను ఖాతా పుస్తకం తీశాడు. వేలితో వరస కిందికి దిగాడు. తలెత్తలేదు.

"ఆ డబ్బులు బావ ముందే రాయించేశాడక్కా."