పిల్లలకి ధైర్యం చెప్పకండి

వినడానికి తిక్క సలహాలా ఉంటుంది కానీ, కావాలనే అంటున్నాను. కనీసం వెంటనే చెప్పకండి. "ఏం కాదులే నాన్నా, భయపడకు" అనగానే పిల్లాడి నోరు మూతపడుతుంది. భయం మాత్రం ఎక్కడికీ పోదు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న వైద్యుడి కథ మనకి తెలిసిందే. డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో అచ్చంగా అదే చేసి చూపించాడు. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని విద్యార్థులకి చెబితే, వాళ్లకి మాటిమాటికీ అదే గుర్తొచ్చింది. మన కోతే, అక్కడ ఎలుగుబంటి అయింది.

ఎదురుగా కూర్చోబెట్టి, "నా కళ్లలోకి చూసి చెప్పు" అని అసలు అడక్కండి. పక్కన కూర్చోండి, చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. మొన్న మా ఎనిమిదేళ్ల అమ్మాయి, నేనూ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం. తలెత్తకుండానే అంది: "తాతయ్య హాస్పిటల్‌కి వెళ్లి మళ్లీ రాలేదు కదమ్మా. రేపు నాన్న చెకప్‌కి వెళ్తున్నాడు." ఛ, అలాంటి మాటలు అనకూడదు అని నోటిదాకా వచ్చింది. ఆపుకుని "ఊఁ" అన్నాను. ఇంకో రెండు కాయలు తుంచింది. "నాన్నకి కూడా ముక్కులో ఆ పైపు పెడతారా?"

అసలు దిగులు ఆ పైపు. నేను ముందే ధైర్యం చెప్పేసి ఉంటే అది బయటికొచ్చేదే కాదు. రేపు రక్తం మాత్రమే తీస్తారని అప్పుడు చెప్పాను.

ఇంకో తిక్క మాట: దిగులు పడటానికి రోజూ ఒక టైమ్ పెట్టండి. థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పెద్దవాళ్లకి చెప్పిన పద్ధతి ఇది. రోజూ ఒకే వేళ, ఒకే చోట, అరగంట. మిగతా టైమ్‌లో దిగులొస్తే ఆ వేళకి వాయిదా వేయడమే. పిల్లలకి పది నిమిషాలు చాలు, పడుకోబోయే ముందు మాత్రం వద్దు. గ్వాటెమాలాలో పిల్లలు చిన్న చిన్న బొమ్మలకి దిగుళ్లు చెప్పుకుని దిండు కింద పెట్టుకుంటారు. మా ఇంట్లో పాత బిస్కెట్ల డబ్బా ఉంది. సాయంత్రం పాలు తాగాక మా అమ్మాయి తన దిగులు చీటీ మీద రాసి అందులో వేస్తుంది.

సోమవారం పొద్దున వచ్చే కడుపునొప్పిని దొంగనొప్పి అనకండి. దిగులుకి కడుపు నిజంగానే నొప్పెడుతుంది. అది వారాల తరబడి ఉన్నా, తిండీ నిద్రా తగ్గినా ఇంటి చిట్కాలు చాలవు. డాక్టరుకి చూపించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆదివారం డబ్బా మూత తీశాం. లెక్కల పరీక్ష చీటీ చూసి, "ఇది అయిపోయింది" అంటూ చింపేసింది. స్నేహితురాలి అలక చీటీ కూడా చింపేసింది. "పైపు" అని రాసిన చీటీని కాసేపు చేతిలోనే పట్టుకుని, మళ్లీ మడిచి డబ్బాలో వేసింది. నేనేమీ అనలేదు.