చెత్త ఏరిన తెలివి

అమలాపురం గడియార స్తంభం దగ్గర్లో డి.టి.పి. దుకాణం పెట్టుకుని బతికినవాణ్ణి. శుభలేఖలు, కొబ్బరి కొట్లవాళ్ళ బిల్లు పుస్తకాలు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పంచే కరపత్రాలు, దినకర్మల కార్డులు అన్నీ నా చేతిమీదుగా వెళ్ళేవి. అచ్చుతప్పు లేకుండా కొడతాడని పేరు. ఆ పేరే నా కొంప ముంచింది.

కొత్తపేట వైపు మా మేనమామగారింట్లో అటక దులుపుతుంటే శ్రీనాథుడి భీమేశ్వర పురాణం దొరికింది. పాత అచ్చు. 1986 వరదనీ, 1996 నవంబరు తుఫానునీ తట్టుకుని బయటపడ్డ పుస్తకం. శ్రీనాథుడు దాన్ని బెండపూడి అన్నయ మంత్రికి అంకితమిచ్చాడు. కథంతా ద్రాక్షారామం చుట్టూ తిరుగుతుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ద్రాక్షారామం కోనసీమ జిల్లాలోకే వచ్చింది కాబట్టి, మన పుస్తకాన్ని మనమే కంప్యూటర్లోకి ఎక్కిద్దామని నాకు ఆవేశం వచ్చింది. "నాకిచ్చెయ్ మావయ్యా, బంగారంలా తయారు చేసి తెస్తాను" అన్నాను. ఆయన నమ్మి ఇచ్చేశాడు.

నేను చేసిన మొదటి పని అను ఫాంట్లలో కొట్టడం మొదలెట్టడం. చేతికి అలవాటైన కీబోర్డు మరి. చాలా పేజీలయ్యాక మా అబ్బాయికి ఫోన్లో పంపితే, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసి పిచ్చిగీతల్లా కనిపించాయట. ఆ ఫాంట్లలో తెలుగు కంటికే తెలుగు. లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల స్థానాల్నే. ఫాంటు లేనిచోట తెలుగు మాయం. శుభలేఖకి ఆ బాధ లేదు, కాగితం మీద పడ్డాక ఇక దాన్ని వెతికేదెవరు? పుస్తకం అలా కాదు, పదేళ్ళ తర్వాత ఎవరో ఒక మాట కోసం వెతికితే దొరకాలి. దానికి యూనికోడ్ కావాలి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది. నేనే ఆ వైపు చూడలేదు.

సరే, కొట్టడం ఎందుకు, పేజీ ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌లో తెరిస్తే అదే అక్షరాలు చదివి పెడుతుందని అబ్బాయి చెప్పాడు. నిజమే, చదువుతుంది. కాకపోతే కుట్టు దగ్గర పేజీ వంగి నీడ పడుతోంది. బిల్లు పుస్తకాలు కోసే యంత్రం పక్కనే ఉంది. వెన్ను కోసేశాను. ముఖపత్రం అట్టకి అతుక్కుపోయి సగం చెదలు తిని ఉంటే, దాన్నీ పీకి బుట్టలో వేశాను. పద్యాలున్నాయి కదా, అట్టతో పనేమిటనుకున్నాను.

యంత్రం చదివిన తెలుగు చూస్తే నాలోని అచ్చుతప్పుల వేటగాడు నిద్రలేచాడు. సీసపద్యం పొడుగు పాదాలు విరిగి వచనంలా కలిసిపోయాయి. ప్రతి పేజీ పైన ఉండే ఆశ్వాసం పేరు పద్యాల మధ్యలో దూరింది. అన్నిటికంటే మాయదారిది సున్న. కొన్నిచోట్ల యంత్రం నిండు సున్నకి బదులు తెలుగు అంకె సున్నా పెట్టింది. రెండూ చూడ్డానికి ఒక్కటే. ఎదురుగా "గంగ" కనిపిస్తోంది, వెతికితే మాత్రం గంగ లేదంటుంది. గోదావరి జిల్లాలో గంగ దొరక్కపోవడమేమిటని నేను కంప్యూటర్ మీద కేకలేస్తుంటే, టీ తెచ్చిన కుర్రాడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నేను చేసింది క్షమించరానిది. కొన్నిచోట్ల "నాథుడు" "నాధుడు"గా పడ్డాడు. ఒక్కొక్కటీ దిద్దే ఓపిక లేక, ధ ఉన్నచోటల్లా థ పెట్టమని ఒక్క ఆజ్ఞ ఇచ్చాను. ధర్మం థర్మమైంది, గంధం గంథమైంది, సుధ సుథ అయింది. ఖంగు తిని, థ ఉన్నచోటల్లా ధ పెట్టమన్నాను. ఈసారి కథలన్నీ కధలయ్యాయి, రథాలన్నీ రధాలయ్యాయి. బియ్యంలో రవ్వ కలిపాక ఏది ఏదో చెప్పడం ఎంత తేలికో, ఒకసారి ఒకటైపోయిన రెండక్షరాల్ని విడదీయడం అంత తేలిక. సేవ్ కొట్టి మరీ భోజనానికి వెళ్ళాను.

భోజనం చేసొచ్చి శుద్ధి కొనసాగించాను. అరసున్నలు ఇప్పుడెవరికి కావాలి? ఒక్క నొక్కుతో అన్నీ తీసేశాను. బండి ఱ పాతబడ్డ అక్షరం, ర చేసేశాను. ఇక పేజీల అడుగున ఏవో చిన్నచిన్న అక్షరాల వరసలు, పక్కన అంకెలు. ఆ అంకెలు పద్యాల్లోకి దూరి చికాకు పెడుతున్నాయి. అంకెలతో సహా ఆ వరసలన్నీ తీసేశాను. అసలు ఫోటోలు ఫోన్లో చోటు తింటున్నాయని చెరిపేశాను. విడి కాగితాలు అట్టపెట్టెలో పెట్టి బల్లకింద తోశాను. వానాకాలంలో మిగతా పని చెదలు చూసుకుంది.

అచ్చు తీసిన ప్రతి పట్టుకుని, మా వీధిలో ఉండే రిటైరైన తెలుగు మాష్టారి దగ్గరికి మెప్పు కోసం వెళ్ళాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి కళ్ళజోడు తీశారు.

"ఏమయ్యా, శ్రీనాథుడు ర కీ ఱ కీ తేడా తెలియనివాడని లోకానికి చాటుదామనా?"

"ఆయ్, అదేం లేదండి మాష్టారూ. చదవడానికి తేలిగ్గా ఉంటుందని..."

"ప్రాసలో ఆ రెండూ కలవకూడదన్న పాత నియమం ఎవరు చూస్తారిప్పుడు? అరసున్న తీసేస్తే ఏఁడు కాస్తా ఏడైపోదూ, సంవత్సరం పోయి అంకె మిగలదూ? పోనీ, అడుగున పాఠాంతరాలేవీ?"

"పాఠాంతరాలంటే, ఆ చిన్నక్షరాలాండి?"

ఆయన ఇంకేం అనలేదు. లోపలికి కేకేసి నాకు మజ్జిగ ఇప్పించారు.

మజ్జిగ తాగుతూ తెలుసుకున్నదేమిటంటే, ఆ చిన్నక్షరాల్లో ఉన్నది ఒక్కో తాటాకు ప్రతిలో ఆ మాట ఎలా ఉందన్న లెక్క. ప్రతుల్ని పక్కపక్కన పెట్టుకుని ఎవరో పండితుడు కళ్ళు కాయలు కాసేలా సరిచూసి వేయించాడు. ఆ పండితుడి పేరు ముఖపత్రం మీద ఉండేది. ఆ ముఖపత్రం నా బుట్టలోకి పోయింది. ఏ ప్రెస్సులో, ఏ సంవత్సరంలో అచ్చయిందో చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఆధారం లేదు.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉన్నాయి. భీమేశ్వర పురాణం వేరే అచ్చు అందులో ఉండనే ఉంది. పద్యాల కోసమైతే నేను పుస్తకం కొయ్యక్కర్లేదు. నా ప్రతిలో ప్రత్యేకంగా చూసుకోవలసింది ఆ చిన్నక్షరాలూ, ఆ చిరిగిన ముఖపత్రమూ. చెత్త అని నేను ఏరేసింది సరిగ్గా ఆ రెంటినే.

ఆ తర్వాత తెలుగు వికీసోర్స్ పద్ధతి చూశాను. తెరమీద ఒక పక్క పేజీ బొమ్మ, ఒక పక్క అక్షరాలు. ఎవరూ దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. నేను పసుపు చేసినదాన్ని నేనే ఆకుపచ్చ చేస్తానంటే ఒప్పుకోదు. మొదట ఇది నన్ను అవమానించడానికే పెట్టారనుకున్నాను. ధ, థల సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

మాష్టారు మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. ఆర్కైవ్‌లోని అచ్చు తెరిచి, ఇద్దరం కూర్చుని పద్యాలు దిద్దుతున్నాం. ఉత్పలమాలైతే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలకి 21, పదకొండో అక్షరం. యంత్రం ఒక అక్షరం మింగితే ఆయన వేళ్ళమీద దొరికిపోతుంది. ధ, థల దగ్గర మాత్రం ఛందస్సు కూడా చేతులెత్తేస్తుంది. రెంటి తూకం ఒక్కటే, యతిలోనూ రెండూ ఒకే గుంపు. అక్కడ పేజీ బొమ్మే దిక్కు. వచన పుస్తకానికైతే అన్నిచోట్లా అదే దిక్కు.

దీని తర్వాత మన మామిడికుదురు బోయి భీమన్నగారి పుస్తకం ఎక్కిద్దామన్నాను. మాష్టారు మళ్ళీ కళ్ళజోడు తీశారు. రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయట. భీమన్నగారు 2005లో పోయారు. అంటే 2065 దాటాలి. నా తెలివికి ఆ గడువు మంచిదే.

రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు ఎవరింట్లోనైనా, అడుగున పాఠాంతరాలతో, ముఖపత్రం చెడకుండా పాత భీమేశ్వర పురాణం ఉంటే దయచేసి కబురు చేయండి. పుస్తకం మీ గడప దాటక్కర్లేదు, మేమే వచ్చి మీ అరుగు మీద కూర్చుని ఫోటోలు తీసుకుంటాం. మాష్టారు కూడా వస్తారు. నా సంచీ వెతికి, చాకు లేదని చూసుకున్నాకే లోపలికి రానివ్వండి.