బూడిదలో పోసిన నీరు

ఎర్రటి మట్టి ఇటుకలు నన్ను తమ కులంలో కలుపుకోవు. నా రంగు బూడిద, నా పుట్టుకా బూడిదే. తాడేపల్లిలో ఒక డాబా పడమటి గోడలో ఉంటాను. మధ్యాహ్నం ఎండంతా మోసేదాన్ని కనుక నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

మా పుట్టిల్లు కృష్ణ ఆవలి ఒడ్డున ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం. 1979 నుంచి అక్కడ బొగ్గు మండుతోంది. మన దేశపు బొగ్గులో 30 నుంచి 40 శాతం బూడిదే. పొగతోపాటు ఎగిరిపోవాల్సిన నన్ను విద్యుత్తు ఎక్కించిన పలకలు లాగి పట్టుకున్నాయి. అక్కడితో అయిపోలేదు. ఇటుకనయ్యే రాత లేకపోతే బూడిద చెరువులో పడి, ఎండాకాలం గాలికి ఊళ్ల మీదికి లేచేదాన్ని. ఆ రాత మార్చినవాళ్లున్నారు. విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్‌ బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీ లేకుండా ఇటుక చేసే ‘ఫాల్-జి’ పద్ధతి రూపొందించారు. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకల్లోనూ బూడిద కలపాలని 1999లో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది.

ట్యాంకర్‌లో వారధి దాటి ఇవతలి యార్డుకొచ్చాను. సున్నం, జిప్సం, రాళ్లపొడి కలిపి ప్రెస్సులో ఒక్క నొక్కు నొక్కారు. మట్టి ఇటుకైతే దాదాపు వెయ్యి డిగ్రీల సెగలో కాలాలి. దానికి పొలం పైమట్టీ పోతుంది, బొగ్గో ఊకో తగలబడుతుంది. నాకు నిప్పక్కర్లేదు, నీళ్లు చాలు. తడి తగిలితే నాలోని సిలికా సున్నంతో కలిసి బంకై, నెమ్మదిగా రాయిలా బిగుస్తుంది. రోమన్లు అగ్నిపర్వతపు బూడిదతో ఇదే పని చేశారు. వాళ్ల పాంథియన్ మందిరపు గుమ్మటం దాదాపు 1900 ఏళ్లుగా నిలబడే ఉంది.

బూడిదలో పోసిన పన్నీరని వృథా పనిని వెక్కిరిస్తారు. నా సంగతిలో పోయకపోతేనే అంతా వృథా.

ఈ ఇంటికి వచ్చిన మొదటి లోడే అందుకు సాక్ష్యం. దించుతుంటేనే అంచులు రాలిపోయాయి.

“ఏం మేస్త్రీ, ఇవి గోడలో నిలబడతాయా?” అంది ఇంటావిడ.

“తప్పు బూడిదది కాదమ్మా. నీళ్లు సరిగా తాగకుండానే లారీ ఎక్కించారు. తిప్పి పంపేయండి” అన్నాడాయన.

నేను రెండో లోడులో వచ్చాను. మేస్త్రీ రెండేసి ఇటుకలు తాటించి ఖంగుమంటున్నాయో లేదో విన్నాడు. నడుమెత్తు నుంచి నేల మీదికి వదిలాడు. గోటితో గీరాడు. మాలో ఒకదాన్ని పొడిగా తూచి, ఒక రోజంతా నీళ్లలో నానేసి మళ్లీ తూచాడు. ఐఎస్ 12894 ప్రమాణం ప్రకారం మామూలు తరగతి ఇటుక తన బరువులో ఐదో వంతుకు మించి నీరు పీల్చకూడదు. మేం గట్టెక్కాం.

ఇక గొప్పలు మాని నిజం చెబుతాను. వేడిని ఆపడంలో మట్టి ఇటుక కంటే నేనేమీ ఎక్కువ కాదు. ఆ పని ఒంటినిండా గాలి గదులున్న ఏఏసీ బ్లాకుది. నేను మిగిల్చిన ఇంధనమంతా పుట్టేటప్పుడు మిగిల్చిందే. ఇల్లు చల్లబడాలంటే మొత్తం ఇంటి లెక్క చూడాలి. ఇళ్లలో ఇంధన పొదుపు కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి కూడా అదే అంటుంది. దాని ప్రకారం మనలాంటి వేడి ప్రాంతాల్లో గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదు. శ్లాబుకు వేరే హద్దుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఎక్కువ సెగ దిగేది పైనుంచే. అందుకే మేస్త్రీ పట్టుబట్టి పడమటి కిటికీలకు వెడల్పాటి సజ్జాలు పోయించాడు, డాబా మీద తెల్ల రంగు వేయించాడు.

మీరూ ఇల్లు కడుతుంటే ఇటుక ధరతో బేరం ముగించకండి. ఎన్ని రోజులు నీళ్లు కొట్టారో అడగండి, పరీక్ష కాగితం చూపించమనండి. జవాబు తడబడితే లారీని తిప్పి పంపండి. మా జాతికేం చిన్నతనం కాదు.