గ్రౌండ్ అన్న

పోలీసు కొలువు కోసం ఉరికే పిల్లలకు పొద్దుగాల పైసా ఖర్చు లేకుండా దొరికే గురువు గ్రౌండ్ అన్న. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులోనైనా, పాలమూరు స్టేడియంలోనైనా, చీకటి విడవకముందే మెడలో విజిల్, చేతిలో ఫోన్, వీపు మీద ఏనాటిదో టోర్నమెంటు పేరుతో తిరిగే మనిషి కనిపిస్తే అతనే. రెండు నోటిఫికేషన్లలో ఈవెంట్లు దాటాడు, రెండుసార్లూ రాతపరీక్షలో ఆగాడు. చదివిన సిలబస్ పోయింది, గ్రౌండు ఇంగ్లిషు మిగిలింది.

ఈ ఇంగ్లిషులో నామవాచకాలు ఎన్నో, క్రియ ఒక్కటే: కొట్టడం. రన్నింగ్ కొట్టాలి, జంప్ కొట్టాలి, చివరికి జాబ్ కొట్టాలి.

మొదట వార్మప్. అంటే ఒళ్లు వేడెక్కించడం. పిల్లలు ఎగిరి వేడెక్కుతారు, అన్న చాయ్ తాగి.

తర్వాత రన్నింగ్. అంతకుముందు 800 మీటర్లున్న మగపిల్లల పరుగు 2022 నోటిఫికేషన్‌తో 1600 అయింది, గడువు 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు, రౌండుకు దగ్గరదగ్గర నిమిషం 48 సెకన్లు. అన్న 'ఆన్ యువర్ మార్క్, సెట్, గో' అని కేకేస్తాడు. 400 మీటర్లు దాటిన పరుగులకు అంతర్జాతీయ నిబంధనల్లో 'సెట్' లేదు, మార్క్ అన్నాక తుపాకి పేలడమే. అయినా అన్న ఆ మాట వదలడు. కొలువొస్తే లైఫ్ సెట్ అని ఊరంతా అనే చోట, రోజుకు ఒక్కసారన్నా దాన్ని నోటారా అనుకోవాలి కదా.

మూడో రౌండులో ఎవడన్నా నడక మొదలుపెడితే, 'స్టామినా లేదు తమ్మీ నీకు!' ఊళ్లో దీన్నే దమ్ము అంటారు. స్టామినా లాటిన్ మాట, మగ్గం మీది పడుగు దారాలని దాని మొదటి అర్థం. గద్వాల, నారాయణపేట మగ్గాల ఇళ్ల పిల్లలకు ఆ దారాలు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అవి తెగితే అతికే విద్య కూడా వాళ్లకే తెలుసు, అన్నకు కాదు.

లాంగ్‌జంప్‌లో 'ల్యాండింగ్' అన్నకు ప్రాణం. ఇసుకలో వెనక్కి చెయ్యి ఆనిస్తే కొలత ఆ చెయ్యి దగ్గరికే పడుతుంది. నాలుగు మీటర్లు దూకినవాడు మూడున్నరతో లేస్తాడు. 'చెయ్యి ఎన్కకు పెట్టకు!' అని అరిచే ఈ ఒక్క చోట అన్న ఇంగ్లిషు మరిచిపోతాడు. అందుకే పిల్లలకు చప్పున అర్థమవుతుంది.

షాట్‌పుట్ గుండు బరువు మగపిల్లలకు 7.26 కిలోలు, పాత లెక్కలో 16 పౌండ్లు. 'షాట్' అంటే ఫిరంగి గుండు, 'పుట్' అంటే మెడ దగ్గరి నుంచి నెట్టడం. రాయి విసిరినట్టు విసిరితే ఫౌల్. ఫౌల్ అన్న మాటకు గ్రౌండులో వేరే వాడుకా ఉంది: అప్పు తీసుకుని తప్పించుకుని తిరిగేవాడు కూడా ఫౌలే.

తరువాతది డైట్: నానబెట్టిన శనగలు, ఉడకబెట్టిన గుడ్లు, రాగి జావ. ఇంట్లో అమ్మ పెట్టే జొన్నరొట్టె డైట్ కిందికి రాదు, దానికి ఇంగ్లిషు పేరు లేదు.

చివరి మాట రికవరీ. శిక్షణ పుస్తకాల్లో అది కష్టపడ్డ కండరాలకు ఇచ్చే విశ్రాంతి. అన్న వాడుకలో ఒక నోటిఫికేషన్ పోయి ఇంకొకటి పడేదాకా గడిచే కాలం. పోలీసు స్టేషన్లో రికవరీ అంటే దొంగసొత్తు దొరకడం. ఆ అర్థం వాడే అవకాశం అన్నకు ఇంకా రాలేదు.