పది గ్రాముల పోగు

నేనొక నైలాన్ పోగుని. ప్లాస్టిక్ పిడికి గుచ్చి ఉంటాను, వేలెడంత కూడా ఉండను. నాకొచ్చిన విద్య ఒక్కటే. చర్మానికి నిలువుగా ఆనించి నొక్కితే పది గ్రాముల బరువు దగ్గర వంగిపోతాను. ఆ మాత్రం ఒత్తిడి అరికాలికి తెలియకపోతే, ముల్లు దిగినా ఆ కాలు చెప్పదని అర్థం.

మా వంశానికి మూలం గుర్రపు వెంట్రుక. 1890ల్లో జర్మనీలో మాక్స్ ఫాన్ ఫ్రే అనే శాస్త్రవేత్త దానితో చర్మాన్ని పొడిచి చూసేవాడు. 1960లో అమెరికాలో జోసెఫిన్ సెమ్స్, సిడ్నీ వైన్‌స్టైన్ బృందం మెదడుకు గాయాలైన వాళ్ళ స్పర్శ కొలవడానికి నైలాన్ పోగులు వాడింది. ఆ తర్వాత కుష్ఠు ఆసుపత్రులు మమ్మల్ని చేరదీశాయి. తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన సర్జన్ పాల్ బ్రాండ్ వెల్లూరులో ఆ రోగులకు ఆపరేషన్లు చేస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు: నొప్పి తెలియక, తగిలిన దెబ్బల్ని పట్టించుకోకపోవడం వల్లే వాళ్ళ వేళ్ళు ఎక్కువగా పోతున్నాయని. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ పాఠమే షుగర్ పాదాలకూ వర్తించింది.

నా సంగతికొస్తే, భద్రాచలం దాటాక దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఒక చిన్న దవాఖానాలో ఉంటాను. బీపీ, షుగర్ మాత్రల కోసం వచ్చినవాళ్ళ అరికాళ్ళే నా లోకం. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే నరాలూ, వాటికి రక్తం అందించే సన్నని నాళాలూ చెడతాయి. పొడవైన నరాలకే ముందు దెబ్బ. అందుకే కథ కాలివేళ్ళ దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది.

అరికాళ్ళు మండుతున్నాయనీ, చీమలు పాకుతున్నాయనీ, తిమ్మిర్లనీ గోల పెట్టేవాళ్ళు ఎలాగూ డాక్టరు దాకా వెళ్తారు. నాకు భయం "నాకేం లేదమ్మా, కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి" అనేవాళ్ళతోనే.

మొన్న వేసవిలో తునికాకు కోతకు పోయే ఒక పెద్దమ్మ వచ్చింది. ఎండకు కాగిన నేల మీద నడిచి, ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లానికి చేర్చే మనిషి. నర్సమ్మ కళ్ళు మూసుకోమని, ఆనెకాయ లేని చోటు చూసి బొటనవేలి కింద నన్ను ఆనించింది. వంగాను. పెద్దమ్మ ఉలకలేదు, పలకలేదు.

"తగిలిందా పెద్దమ్మా?"

"ఆఁ, తగిలింది బిడ్డా."

రెండోసారి నర్సమ్మ నన్ను అసలు ఆనించకుండానే అడిగింది. "తగిలింది" అంది పెద్దమ్మ, ఇంకాస్త హుషారుగా. ఆమెది అబద్ధం కాదు, మర్యాద. అడిగిన పిల్లను చిన్నబుచ్చడం ఇష్టం లేదు. ఇట్లాంటి మర్యాదస్తులు చాలామంది కాబట్టే ఆ ఉత్తుత్తి ప్రశ్న పరీక్షలో భాగమైంది.

కాలు తిప్పి చూస్తే మడమ పగుల్లో నల్లగా విరిగిన ముల్లు. ఎప్పుడు దిగిందో ఆమెకు తెలియదు. తీసి, కడిగి, కట్టు కట్టారు. ఎరుపు గానీ వాపు గానీ కనబడితే భద్రాచలం పెద్దాసుపత్రికి పోవాలన్నారు. రోజూ రాత్రి మనవరాలితో అరికాళ్ళు చూపించుకోమన్నారు. మెత్తటి చెప్పులు లేకుండా గడప దాటొద్దన్నారు.

"చెప్పులేసుకుని చెట్ల మధ్య తిరిగితే జారుతది బిడ్డా," అందామె. నిజమే. అడవిలో నిలిచే, వేళ్ళను ఒరుసుకోని పాదరక్షలు ఆమెకు ఎక్కడ దొరుకుతాయో నర్సమ్మ దగ్గరా జవాబు లేదు. వెనక పట్టీ ఉన్నవి చూడమంది.

నాకూ అలుపుంటుంది. వరసగా పదిమంది పాదాలు చూస్తే నా పట్టు సడలి, పది గ్రాముల కన్నా ముందే వంగుతాను. ఒక రోజంతా వదిలేస్తే గానీ కుదుటపడను. అలసిన నన్ను నమ్మితే, బాగున్న కాలికి కూడా స్పర్శ పోయిందని రాసేస్తారు. అందుకే ఆ పూట నన్ను పక్కన పెట్టి, బయట ఇంకా వరుస ఉందని నర్సమ్మ రెండో పోగు కోసం సొరుగు వెతికింది.